అటకెక్కని కానుక

"బహుమతుల మీద బాగానే ఖర్చు పెడతాను. విప్పగానే అందరూ చాలా బాగుందనే అంటారు. ఆర్నెల్ల తర్వాత వాళ్ళింటికి వెళ్తే అది ఇంకా అట్టపెట్టెలోనే ఉంటుంది. ఎక్కడ తప్పుతోంది? గుర్తుండిపోయేలా ఇవ్వాలంటే ఏం చూసుకోవాలి?" అని ఒకరు అడిగారు.

తప్పేది "విప్పగానే" అన్న ఆ మాట దగ్గరే. కొనేటప్పుడు మన కళ్ళ ముందు ఉండేది కాగితం చించే అర నిమిషం. వాళ్ళ మొహం వెలగాలి, పక్కనున్నవాళ్ళు అబ్బో అనాలి. పుచ్చుకున్నవాళ్ళు మాత్రం ఆ అర నిమిషం అయ్యాక ఏళ్ళ తరబడి ఆ వస్తువుతో కాపరం చేయాలి. దానికి చోటు వెతకాలి, దుమ్ము తుడవాలి, ఛార్జింగ్ పెట్టాలి, మీరు వస్తున్నారంటే అటక మీంచి దించి కనపడేలా సర్దాలి. బహుమతుల మీద జరిగిన ప్రయోగాలను జెఫ్ గాలక్, జూలియన్ గివి, ఎలనోర్ విలియమ్స్ 2016లో ఒకచోట చేర్చి చూశారు. ఇచ్చేవాళ్ళు చేసే రకరకాల పొరపాట్లలో చాలావాటిని వాళ్ళు ఈ ఒక్క తేడాతోనే వివరించారు. ఇచ్చేవారి చూపు చేతులు మారే క్షణం మీద ఉంటుంది, పుచ్చుకునేవారి చూపు వాడుకునే రోజుల మీద ఉంటుంది.

ఖర్చు సంగతి కూడా ఇలాంటిదే. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియేల్ ఆడమ్స్ 2009లో అచ్చువేసిన అధ్యయనంలో, ధర పెరిగేకొద్దీ మెప్పు పెరుగుతుందని ఇచ్చినవాళ్ళు అనుకున్నారు. పుచ్చుకున్నవాళ్ళ లెక్కలో ధరకూ మెప్పుకూ సంబంధమే కనిపించలేదు. అంతకుముందు 1993లో ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ విద్యార్థులను, "మీకు వచ్చిన వస్తువును మీరే కొనుక్కోవాల్సి వస్తే ఎంత పెట్టేవారు?" అన్న ధోరణిలో అడిగి లెక్క కట్టాడు. కొన్న ధరలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా గాల్లో కలిసిపోతోందని తేలింది. దగ్గరి స్నేహితులు ఇచ్చినవాటిలో నష్టం తక్కువ, ఎప్పుడో ఒకసారి కలిసే పెద్దవాళ్ళు ఇచ్చినవాటిలో ఎక్కువ. అంటే డబ్బు కన్నా మనిషిని ఎంత దగ్గరగా చూస్తున్నామన్నదే లెక్కకు వస్తోంది.

ఇంకొక్క మాట చెప్పి పనిలోకి దిగుతాను. "చాలా బాగుంది" అన్నదాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. అది మొహమాటం. బాగోలేదని ఎదురుగా అనేవాళ్ళు చిన్నపిల్లలే. నిజంగా నచ్చిందనడానికి గుర్తులు వేరే ఉంటాయి. దాని మీద గీతలు పడతాయి, మూల అరుగుతుంది, అందులో వేసే రీఫిల్ ఎక్కడ దొరుకుతుందని మీకు ఫోన్ వస్తుంది.

ఇక కానుకకు కావలసిన ముడిసరుకు. ఇది దుకాణంలో దొరకదు, మాటల్లో దొరుకుతుంది. అదీ పండగకో పుట్టినరోజుకో వారం ముందు వెతికితే దొరకదు, ఏడాది పొడుగునా ఏరుకోవాలి. ఫోన్‌లో మనిషికొక నోటు తెరిచి పెట్టుకోండి. విన్న రోజే, వాళ్ళన్న మాటల్లోనే, తేదీతో సహా రాయండి. "సంగీతం ఇష్టం" అని రాసుకుంటే ఎందుకూ పనికిరాదు. "హెడ్‌ఫోన్ ఎడమ చెవి వినపడక వైరు వంచి పట్టుకుంటున్నాడు" అని రాసుకుంటే అది పనికొస్తుంది. దగ్గరివాళ్ళ విషయంలో ఏడాదికి ఆరో ఎనిమిదో ఇలాంటి వాక్యాలు చేరితే చాలు.

ఏం వినాలో చెప్తాను. మొదటిది సణుగుడు: "ఈ జిప్పు ఎప్పుడూ ఇంతే", "ఈ దీపం కింద చదవలేకపోతున్నా". రెండోది వాయిదా: "ఎప్పటికైనా ఈత నేర్చుకోవాలి", "నాన్న ఫోటోలన్నీ ఒకచోట పెట్టాలి". మూడోది ఎరువు, అంటే పక్కవాళ్ళ దగ్గర పదేపదే అడిగి తెచ్చుకునే వస్తువు. నాలుగోది చెవికి వినపడదు, కంటికే కనపడుతుంది: టేపు చుట్టిన పిడి, రబ్బరు బ్యాండుతో మూత పెట్టిన డబ్బా, కాలికింద కాగితం మడిచి పెట్టిన బల్ల. ఈ నాలుగోదాన్ని నేను అన్నిటికన్నా పైన పెడతాను. సణుగుడు ఒకోసారి ఆ రోజు చిరాకు మాత్రమే కావచ్చు. టేపు చుట్టారంటే మాత్రం ఆ వస్తువు వాళ్ళకు రోజూ కావాలి, కొత్తది కొనుక్కోవడానికి మనసొప్పట్లేదు, ఉన్నదాంతో నెట్టుకొస్తున్నారు అని ఒకేసారి మూడు విషయాలు తెలుస్తాయి. ఒక్కసారి అన్న కోరికకు తొందరపడి కొనకండి. మూడు నెలల తేడాలో రెండుసార్లు వినపడితే అప్పుడు నమ్మొచ్చు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఇంట్లో కుట్టుపని చేసే అక్క ఉందనుకోండి. కత్తెర మొదట్లో బాగానే తెగుతుంది, మొన దగ్గరికొచ్చేసరికి గుడ్డను నములుతుంది. ఆవిడ ఒక చేత్తో గుడ్డను బిగలాగి పట్టుకుని, చివరి రెండంగుళాలు చేత్తో చింపేస్తోంది. ఇది చూసిన చాలామంది వెంటనే కొత్త కత్తెర కొంటారు. ఆగండి. ముందు మూడు సంగతులు కనుక్కోవాలి. ఆవిడది ఎడమచేతివాటమా? ఎడమచేతి కత్తెరలో బ్లేడ్ల అమరికే తిరగేసి ఉంటుంది, పిడి ఒక్కటి మారిస్తే సరిపోదు. గుడ్డ కత్తిరించేదా, దారాలు తుంచేదా? గుడ్డకైతే 8 నుంచి 10 అంగుళాలది, పిడి కాస్త పైకి వంగి ఉన్నది కావాలి. అలా వంగి ఉంటేనే కింది బ్లేడు బల్ల మీద ఆని, గుడ్డ పైకి లేవకుండా తెగుతుంది. మూడోది అసలైనది: ఆ పాత కత్తెర ఎవరిది?

అది వాళ్ళమ్మ వాడినదైతే కొత్త కత్తెర ఎంత మంచిదైనా సొరుగులోకే పోతుంది. అప్పుడు ఇవ్వాల్సింది ఆ పాత కత్తెరనే. మొన దగ్గర నమలడానికి సాధారణంగా కారణాలు రెండు: మధ్య మర, అంటే స్క్రూ, వదులై బ్లేడ్లు ఒకదాన్నొకటి ఆనకపోవడం, మొన దగ్గర అంచు మొద్దుబారడం. మర బిగించి చూస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. సరిగ్గా బిగిస్తే, తెరిచి ఒక పిడి వదిలినప్పుడు బ్లేడు మెల్లగా దిగి సగంలో ఆగుతుంది. టపీమని పడితే వదులు, కదలకపోతే బిగుతు. సాన పట్టించేటప్పుడు కత్తెర పని తెలిసినవాళ్ళకే ఇవ్వండి. కత్తిపీటకు పట్టినట్టు లోపలి ముఖాన్ని కూడా అరగదీస్తే రెండు బ్లేడ్ల మధ్య సందు వచ్చి, ఇక ఎప్పటికీ తెగదు. ఇంట్లో కత్తులకు వాడే లాగుడు సాన అస్సలు వద్దు. పని అయ్యాక రెండు పొరల పల్చటి గుడ్డను మొన దాకా కత్తిరించి చూడండి. నమలకుండా తెగితే అప్పుడు తుడిచి, మర దగ్గర ఒక్క చుక్క మిషను నూనె వేసి, మెత్తటి గుడ్డ సంచిలో పెట్టండి. పెద్ద ఖర్చేమీ ఉండదు, అయినా ఆవిడ ఆ కత్తెర పట్టుకున్న ప్రతిసారీ మీరు గుర్తొస్తారు.

ఇక్కడ చిక్కల్లా ఒక్కటే, ఆ కత్తెరను ఆవిడకు తెలియకుండా రెండ్రోజులు మాయం చేయాలి. ఇంట్లో ఇంకొకరిని కలుపుకోకుండా ఆ పని జరగదు.

పనిమంతులకు ఇచ్చే విషయంలో ఒక నియమం పెట్టుకోండి: వాళ్ళ ప్రధాన పనిముట్టు జోలికి పోవద్దు. ఫోటోలు తీసేవాళ్ళకు కెమెరా లెన్సు, వీణ వాయించేవాళ్ళకు వీణ, బొమ్మలేసేవాళ్ళకు రంగుల పెట్టె, ఇవన్నీ బయటివాళ్ళు కొంటే తప్పిపోతాయి. ఆ రంగంలో ఏళ్ళు గడిపినవాళ్ళకు ఏది కావాలో అంగుళంతో సహా తెలుసు, అది కానిది వచ్చినప్పుడు వాడకపోతే మీరు బాధపడతారన్న దిగులు అదనంగా చేరుతుంది. దాని బదులు వాళ్ళు వాడి పారేసే సరుకు ఇవ్వండి. ఖాళీ అయిన సిరా సీసా మీద పేరు, తీగల పొట్లం మీద మందం అంకె, కుంచె పిడి మీద నంబరు, దారపు కండె మీద రంగు సంఖ్య, ఏది కనపడితే అది ఫోటో తీసుకోండి. సరిగ్గా అదే, మామూలుగా వాళ్ళు కొనే దానికి మూడు రెట్లు ఇవ్వండి. "ఇది నీకెలా తెలిసింది?" అన్న ప్రశ్న వస్తుంది. కానుకకు అంతకన్నా మంచి కితాబు లేదు.

ఆశ్చర్యపరచాలన్న పట్టుదల ఒకటి ఉంటుంది మనకు. అడిగి ఇస్తే అందులో మన గొప్పేముంది అనిపిస్తుంది. ఫ్రాన్సెస్కా జీనో, ఫ్లిన్ 2011లో చేసిన ప్రయోగాల్లో ఇది తిరగబడింది. తాము కావాలని చెప్పిన వస్తువు వచ్చినప్పుడే పుచ్చుకున్నవాళ్ళు ఎక్కువ మెచ్చుకున్నారు. ఇచ్చినవాళ్ళు మాత్రం చెప్పినదీ చెప్పనిదీ ఒకేలా మెచ్చుకుంటారనుకున్నారు. కాబట్టి అడగండి, కానీ అడిగే తీరు ఒకటుంది. "నీకేం కావాలి?" అంటే మొహమాటంతో "ఏమీ వద్దు" అంటారు. "చదువుకునే దీపం కొందామనుకుంటున్నా, బల్ల మీద నిలబెట్టేదా, అంచుకు బిగించేదా?" అని అడగండి, జవాబు వస్తుంది. రెండిట్లో ఒకటి ఎంచుకోవడం సులువు. అప్పుడు ఆశ్చర్యం వస్తువులో ఉండదు, దానితో పాటు రాసిన చీటీలో ఉంటుంది. దాని గురించి తర్వాత చెప్తాను.

ఇప్పుడు జ్ఞాపకాల కానుకలు. గివి, గాలక్ 2017లో చూపిందేమిటంటే, పాత ఫోటో లాంటి మనసుకు సంబంధించినవాటిని పుచ్చుకునేవాళ్ళు మనం అనుకునేదానికంటే ఎక్కువ కోరుకుంటారు, ఇచ్చేవాళ్ళే "నచ్చకపోతేనో" అని జంకి, వాళ్ళ ఇష్టాలకు తగ్గ మామూలు వస్తువు వైపు జరిగిపోతారు. జంకు వదిలినా పనితనం లేకపోతే ఈ రకం కానుక తేలిపోతుంది. అందుకని కొలతలు చెప్తాను.

ఫోటో అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు లెక్క. అంటే 4×6 అంగుళాల ప్రింటుకు కనీసం 1200×1800 పిక్సెళ్ళు, 8×10కి 2400×3000 కావాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో కుదించుకుపోయి ఉంటుంది, దాన్ని గోడంత పెద్దది చేయిస్తే మొహాలు అలుక్కుపోతాయి. తీసినవాళ్ళ ఫోన్‌లోంచి అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపమనండి. కాగితపు ఫోటో అయితే 600 చుక్కల దగ్గర స్కాన్ చేయించండి, అప్పుడు పొడవూ వెడల్పూ రెట్టింపు చేసినా అచ్చు చెడదు. పాత ఫోటోను ఫోన్‌తో ఫోటో తీస్తే పై వెలుగు మచ్చలా పడుతుంది, అంచులు వంగుతాయి. తప్పనిసరైతే కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను సరిగ్గా పైన సమాంతరంగా పట్టుకుని తీయండి.

ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం ఫోటోకు ఆనకూడదు. తేమకు రెండూ అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. మధ్యలో అట్ట అంచు వేయించండి, ఆమ్లం లేని అట్ట అని అడిగి మరీ. పాత ఫోటోను లామినేషన్ చేయించొద్దు, ఆ వేడీ ఆ జిగురూ ఇక వెనక్కి రావు. ఫ్రేములో పెట్టేది కాపీ, అసలుది కవర్లో వేరుగా. ఫోటో వెనక ఎవరెవరో, ఏ ఊరో, ఏ ఏడో రాయించడం మరవకండి. పాత రకం కాగితమైతే మెత్తటి పెన్సిలుతో, ఇప్పటి ప్లాస్టిక్ పూత కాగితానికైతే పెన్సిల్ పట్టదు కనక ఫోటోలకని అమ్మే పిగ్మెంట్ సిరా పెన్నుతో. బాల్‌పెన్ను నొక్కు ముందు వైపు తేలుతుంది.

ఆల్బమ్ అయితే వందల ఫోటోలు కుక్కకండి. 30 నుంచి 40 చాలు, ఒక్కోదాని కింద ఒక వాక్యం. అందరూ వరసగా నిలబడి కెమెరా వైపు చూస్తున్నవి పది కంటే ఎక్కువ ఉంటే ఎవరూ రెండోసారి తిప్పరు. ఎవరో ఎటో చూస్తున్నవి, వెనకాల పాత గోడ, పాత సైకిలు కనపడేవి వెతికి పెట్టండి. వేళ్ళు ఆగేది అక్కడే.

గొంతు రికార్డింగు ఇంకా గొప్ప కానుక, ఇంకా తేలిగ్గా చెడిపోయేది. పెద్దవాళ్ళ చేత కబుర్లు చెప్పించి ఇవ్వాలనుకుంటే ఒక్కో కూర్చోవడం 40 నిమిషాలు దాటించకండి, గొంతు అలిసిపోతుంది. ఫ్యాను ఆపి, ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టి, జానెడున్నర దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచండి. గట్టి బల్ల మీద పెడితే ప్రతి చేతి తాకిడీ ఢమఢమా పడుతుంది. "మీ చిన్నతనం గురించి చెప్పండి" అంటే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. "మీ ఇంటి వీధి తలుపు తీస్తే మొదట ఏం కనపడేది?" అని అడిగితే అరగంట చెప్తారు. ఇలాంటి ప్రశ్నలు పది పన్నెండు రాసుకుని వెళ్ళండి. రికార్డింగును క్యూఆర్ కోడ్‌గా మార్చి కార్డు మీద అచ్చువేయించడం ఇప్పుడు బాగా నడుస్తోంది. అందులో ఒక ఉచ్చు ఉంది. చాలా ఉచిత సేవల్లో ఆ కోడ్ వాళ్ళ పొట్టి లింకు మీదుగా వెళ్తుంది, గడువు తీరితే కోడ్ చచ్చిపోతుంది. ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఒకటి, కుటుంబంలో ఇద్దరి దగ్గర ఒక్కొక్కటి పెట్టించండి, కోడ్ ఉంటే అదనం అనుకోండి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఏళ్ళ తరబడి సొరుగులో పడి ఉంటే అందులోది చెరిగిపోవచ్చు.

పేరు చెక్కించడం గురించి తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. చెక్కే యంత్రాల సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అక్షరాలు అతికిస్తే తరచు ఒత్తులు విడిపోతాయి, "శ్రీ"లో ర ఒత్తు పక్కకు జరుగుతుంది, "లక్ష్మి" మూడు ముక్కలవుతుంది. చెక్కేవాళ్ళకు తెలుగు రాకపోతే అది తప్పని కూడా తెలియదు. మీరే టైపు చేసి, అక్షరాలను గీతలుగా, అంటే అవుట్‌లైన్లుగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. చెక్కే ముందు కాగితం మీద అసలు సైజులో అచ్చు తీయించి, మీరు కాక ఇంకొకరి చేత పైకి చదివించండి. మనం రాసిన తప్పు మన కంటికి ఆనదు. మాట ఎంత చిన్నదైతే అంత మంచిది. చిన్న వస్తువు మీద రెండు వరుసలు మించితే ఒత్తులూ గుడులూ ఒకదాన్నొకటి తగులుకుంటాయి. ఒక్క హెచ్చరిక: పేరు చెక్కిన వస్తువును మార్చుకోలేరు, వేరేవాళ్ళకు ఇవ్వలేరు. కాబట్టి సైజు, రంగు తేలనివాటి మీద చెక్కించొద్దు.

స్వయంగా చేసి ఇచ్చేవాటి గురించి కొంచెం కటువుగా చెప్పాలి. మన చేత్తో చేసినదాన్ని మనం ఎక్కువ అంచనా వేస్తాం. మైకేల్ నార్టన్, డేనియల్ మోషోన్, డాన్ ఏరియలీ 2012లో దీన్ని ప్రయోగాలతో చూపించి కొన్నవాళ్ళే బిగించుకునే సామాను అమ్మే ఐకియా కంపెనీ మీదుగా ఐకియా ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. మీరు పడ్డ నలభై గంటల శ్రమ మీకు కనపడుతుంది, వాళ్ళకు వంకర కుట్టు కనపడుతుంది. మొదటిసారి చేసినదాన్ని ఇవ్వకండి, మూడోదాన్ని ఇవ్వండి. చేతి పని నాణ్యత సరిపోదనిపిస్తే వస్తువు కొనండి, చీటీ ఒక్కటీ చేత్తో రాయండి.

అనుభవాన్ని కానుకగా ఇవ్వడం, అంటే కచేరీ టిక్కెట్టో, ఈత పాఠాలో, ఒకరోజు ప్రయాణమో. సిండీ చాన్, క్యాసీ మోగిల్నర్ 2017లో చూపినట్టు ఇవి వస్తువులకన్నా బంధాన్ని గట్టిపరుస్తాయి, మీరు పక్కన లేకపోయినా సరే. చెడేది ఒక్కచోటే, "నీకు వీలైనప్పుడు" అన్న దగ్గర. వీలు ఎప్పుడూ కుదరదు, గడువు మాత్రం తీరుతుంది. తేదీ మీరే ఖాయం చేయండి, మారిస్తే ఏ తేదీకి మార్చొచ్చో ఇంకోటి రాయండి. చిన్నపిల్లల తల్లికి టిక్కెట్టు ఇస్తున్నారంటే ఆ సాయంత్రం పిల్లల్ని ఎవరు చూసుకుంటారన్నది కూడా ఆ కానుకలో భాగమే. దూరంలో ఉన్న గొప్పదానికన్నా దగ్గరలో ఉన్న మంచిది మేలు. ఇచ్చేవాళ్ళు గొప్పతనం చూస్తారు, వెళ్ళాల్సినవాళ్ళు దూరం చూస్తారు.

ఒంటికి తొడిగేవి ఇస్తే కొలత దొంగిలించాల్సిందే. చొక్కాకైతే వాళ్ళకు బాగా కుదిరిన పాత చొక్కాను బల్ల మీద పరిచి, చంక కింద ఈ కుట్టు నుంచి ఆ కుట్టుకు, భుజం మీద కుట్టు నుంచి కుట్టుకు, కాలరు కింద నుంచి అంచుకు, ఈ మూడూ కొలిస్తే చాలు. లేబుల్ మీద అక్షరాన్ని నమ్మకండి, ఒక్కో తయారీదారుడి ఎల్ ఒక్కోలా ఉంటుంది. ఉంగరానికి అదే వేలికి పెట్టుకునే పాత ఉంగరం లోపలి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలవండి. అర మిల్లీమీటరు తేడాకే బిగుతు తెలిసిపోతుంది. చలి పొద్దున వేళ్ళు సన్నబడతాయి, వేడిగా ఉన్న సాయంత్రం ఉబ్బుతాయి, మధ్యాహ్నం కొలత నయం. చెప్పులు, సెంట్లు, మొహానికి రాసేవి దగ్గరివాళ్ళకు తప్ప వద్దు. ఇక బరువు చూసే యంత్రం, వ్యాయామ సామాను, "జీవితంలో ఎదగడం ఎలా" పుస్తకాలు అడగకుండా ఇచ్చారంటే అది కానుక కాదు, విమర్శ. రంగు కాగితం చుట్టినా అందులో ఉన్నది వాళ్ళకు అర్థమవుతుంది.

పిల్లల బొమ్మలకు బ్యాటరీలు ఏవి, ఎన్ని అని పెట్టె మీద చూసి ముందే కొని వేయండి. లేకపోతే ఏనుగునిచ్చి అంకుశం మరిచినట్టే. మరలు బిగించాల్సినవి ముందురోజే బిగించి తీసుకెళ్ళండి. మూడేళ్ళలోపు పిల్లలుంటే చిన్న ముక్కల బొమ్మలు వద్దని పెట్టె మీద గుర్తు ఉంటుంది, ఆ ఇంట్లో ఇంకా చిన్న తమ్ముడో చెల్లెలో ఉన్నారేమో అదీ లెక్కలోకి తీసుకోండి.

మరీ పెద్ద కానుక కూడా ఇబ్బందే. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ విధులుగా ముడిపడి ఉంటాయని 1925లో ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మౌస్ రాశాడు. మన భాషలో దానికి ఒక్క మాట చాలు, రుణపడటం. తిరిగి ఇచ్చే స్తోమత లేనివాళ్ళకు భారీగా ఇస్తే వాళ్ళు మీ నుంచి కాస్త తప్పుకు తిరుగుతారు. అలాంటిచోట పదిమంది కలిసి ఇవ్వండి, ఎవరి వాటా ఎంతో చీటీ మీద రాయకుండా.

పొట్లం కట్టడానికి ఎక్కువ ప్రాణం పెట్టనక్కర్లేదు. దగ్గరి స్నేహితులకు కాస్త అడ్డదిడ్డంగా చుట్టినదే మేలు చేస్తుందని కూడా ఒక అధ్యయనం ఉంది. మరీ అందంగా చుడితే లోపల ఏదో ఉందని ఆశ పెరిగిపోతుందట. కాగితం లెక్క మాత్రం ఇది: పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు ఉంటే చుట్టుకొలత 60, మీద పడటానికి 3 కలిపి కాగితం ఒకవైపు 63. రెండోవైపు పొడవు 30కి అటూ ఇటూ ఎత్తులో ముప్పాతిక కలిపి 45. దీనికన్నా ఎక్కువ వదిలితే కొసలు ఉండలు కడతాయి. ధర చీటీ గోటితో గీరితే సగం ఊడి జిగురు మిగులుతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రంతో అర నిమిషం వేడి చూపించి ఒక మూల నుంచి మెల్లగా లాగండి. కొరియర్‌లో పంపితే వస్తువుకు అన్నివైపులా 5 సెంటీమీటర్ల మెత్తదనం ఉండాలి, పెట్టె ఊపితే లోపల కదలిక వినపడకూడదు. అద్దం, పింగాణీ అయితే పెట్టెలో పెట్టె.

ఇక చీటీ. మీ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పమంటే నేను దీన్నే చూపిస్తాను. వస్తువు సరైనదైనా ఎందుకిచ్చారో చెప్పకపోతే సగం విలువ మీ బుర్రలోనే ఉండిపోతుంది. అచ్చు కార్డు మీద "మీ జీవితం ఎల్లప్పుడూ సుఖసంతోషాలతో నిండాలని మనసారా కోరుకుంటూ" అని ఉంటుంది. ఆ వాక్యం ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ గుర్తుండదు. ఇందాకటి కత్తెర సంచిలో ఇలాంటిది పెట్టండి:

"అక్కా, మొన్న కర్టెన్లు కత్తిరిస్తూ చివర రెండంగుళాలు చేత్తో చింపావు చూడు, అప్పుడనుకున్నాను. ఇది అమ్మ కత్తెరే, మార్చలేదు. సాన పట్టించాను, మర బిగించాను. పిల్లల కాగితాలకు వేరే కత్తెర కొన్నాను, దీన్ని మాత్రం వాళ్ళ చేతికివ్వకు."

నాలుగైదు వాక్యాలు. ఎప్పుడు చూశారో ఉంది, ఏం చేశారో ఉంది, ఎలా వాడాలో ఉంది. ప్రేమ అన్న మాట ఎక్కడా లేదు, అవసరం కూడా లేదు. విశేషణాలు తీసేసి, ఒక తేదీనో ఒక చోటునో ఒక పనినో పెట్టండి. చేతిరాత బాగోలేదని టైపు చేయకండి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో చూశారు: కృతజ్ఞతగా ఉత్తరం రాసేవాళ్ళు తమ మాటలు సరిగ్గా కుదరలేదేమోనని బెంగపడతారు, అందుకునేవాళ్ళు మాత్రం మాటల పొందిక కాదు, అందులోని ఆప్యాయత చూస్తారు, రాసినవాళ్ళు ఊహించినదానికన్నా ఎక్కువ సంతోషిస్తారు.

ఇచ్చేటప్పుడు "ఏదో చిన్నది, నీకు నచ్చుతుందో లేదో" అని మొదలుపెట్టకండి. అలా అంటే మిమ్మల్ని ఊరడించే పని కూడా వాళ్ళ నెత్తిన పడుతుంది. గొంతు రికార్డింగు, పోయినవాళ్ళ ఫోటో లాంటివి పదిమందిలో ఇవ్వొద్దు, ఏడుపొస్తే ఎక్కడ దాక్కుంటారు? పక్కగదిలో, లేదా మీరు వెళ్ళిపోయేటప్పుడు చేతిలో పెట్టండి. బిల్లును వేరే కవర్లో ఉంచి "సైజు తేడా ఉంటే మార్చుకో" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. తేదీ దాటిపోయిందా, పర్వాలేదు, ఆలస్యంగానైనా ఇవ్వండి. మనం భయపడినంతగా వాళ్ళు పట్టించుకోరు. అసలు ఇవ్వకపోవడమే గుర్తుంటుంది. తర్వాత "వాడుతున్నావా?" అని ఆరా తీయకండి.

ఆఖరి పని ఇంటికొచ్చాక. ఆ మనిషి పేరుతో ఉన్న నోటు తెరిచి ఏమిచ్చారో, ఏ సైజో, ఏ రంగో, చీటీలో ఏం రాశారో, ఎప్పుడిచ్చారో రాసుకోండి. లేకపోతే మూడేళ్ళ తర్వాత అదే దీపం మళ్ళీ కొంటారు. కత్తెర ఇచ్చినవాళ్ళైతే ఇంకో తేదీ కూడా వేసుకోండి. రోజూ వాడే కత్తెరకు ఏడాది రెండేళ్ళలో మళ్ళీ సాన కావాల్సి వస్తుంది.